హనుమకొండ ఇంటి ముందు ఎనిమిది అడుగుల జాగాలో ఏ పొదలు నాటాలి?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. హనుమకొండ శివారులో 250 గజాల జాగాలో తూర్పు ముఖంగా కొత్త ఇల్లు. ముందు 8 అడుగుల వెడల్పున మట్టి జాగా, ఉత్తరాన 4 అడుగుల సందు, వెనక పడమటి వైపు 5 అడుగులు. నర్సరీలో ప్రహరీ పొడవునా ఇరవై కోనోకార్పస్ మొక్కలు, వాటి ముందు వరసలో క్రోటన్లు పెట్టమన్నారు. మే నెల దాటకుండా నాటేయాలని మీ ఆలోచన. ఇవి కాక చివర్లో మరికొన్ని సంగతులు చెప్పారు: అత్తగారికి రోజూ పూజకు పూలు కావాలి, ఇంట్లో మూడేళ్ల బాబు ఉన్నాడు, బోరు నీళ్లకు బకెట్ల మీద తెల్లటి పొర కడుతోంది, ఇప్పటికే నాటిన ఆరు నూరువరహాల మొక్కలు పసుపుపచ్చగా మారాయి. మొక్కల ఎంపికకు నాకు ఎక్కువగా ఉపయోగపడినవి ఈ చివరి మాటలే.

ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లోనూ, కాజీపేట, పరకాల, జనగామ వైపూ ఇళ్ల ముందు తోటలు వేస్తున్నాను. ఇన్నేళ్లలో నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం ఒక్కచోటే మొదలవుతాయి. నర్సరీలో అడుగున్నర ఎత్తున కుదురుగా, పూలతో నవ్వుతున్న మొక్కను చూసి కొంటాం. ఐదో ఏట అది ఎంత అవుతుందో అడగం. చేతిలో ఉన్న సంచి మొక్క ఐదేళ్ల తరువాత ఎంత ఎత్తు, ఎంత వెడల్పు అవుతుందో తెలిస్తేనే దాన్ని ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

కోనోకార్పస్ సంగతి ముందు తేల్చుకుందాం. అది పొద కాదు, చెట్టు. వదిలేస్తే రెండంతస్తుల డాబాను దాటిపోతుంది. పొదలా ఉంచాలంటే రెండు మూడు నెలలకోసారి కత్తెర పడుతూనే ఉండాలి. పైన ఎంత కత్తిరించినా కింద వేరు ఆగదు, తేమ ఎటు ఉంటే అటు పరుగెడుతుంది. మీ ప్రహరీ లోపలి వైపే మురుగు పైపు ఉందన్నారు, సంపు కూడా ముందే ఉంది. పుప్పొడి వల్ల అలర్జీలు, వేళ్ల వల్ల పైపులకు నష్టం అన్న కారణాలతో గుజరాత్ ప్రభుత్వం 2023లో ఈ మొక్క నాటడాన్ని నిషేధించింది. మన దగ్గర కూడా ఒకప్పుడు రోడ్ల మధ్యన విరివిగా నాటి, తరువాత వద్దనుకున్నారు. ఇవన్నీ పక్కన పెట్టినా, పూజకు కోసుకునే పూవు లేని ఆకు గోడ కోసం మీకున్న కాస్త మట్టినీ ఇవ్వడం నాకు మనసొప్పదు. ఆ ఇరవై మొక్కలూ తెచ్చేసి ఉంటే తిరిగి ఇచ్చేయండి.

రెండో సంగతి, ఇప్పుడు నాటకండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, లేత వేరు ఏం తట్టుకుంటుంది? జూన్ మొదటి వారం దాటి మృగశిర వచ్చాక, నేల ఒక జానెడు లోతు తడిసే వాన రెండుసార్లు పడ్డాక నాటండి. మొదటి చినుకుకే తొందరపడవద్దు. పైన తడిసి కింద కాగుతున్న నేలలో పెడితే మొక్క ఉడికిపోతుంది. నాటడానికి జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా మంచి అదను. ఈలోపు మీకు చేతినిండా పని ఉంది. ఆ పని మట్టిది.

కొత్త ఇంటి చుట్టూ ఉండేది మట్టి అని మనం అనుకుంటాం గానీ తవ్వి చూస్తే తెలుస్తుంది. కిందటేడు సుబేదారి దగ్గర ఒక ఇంట్లో గుంట తీయిస్తే మొదటి అడుగులో మొరం, దాని కింద ఇటుక ముక్కలు, ఆ కింద గట్టిపడిన సిమెంటు ముద్దలు, రెండు ఖాళీ రంగు డబ్బాలు వచ్చాయి. అసలు చల్క నేల (ఎర్రటి ఇసుక నేల) రెండున్నర అడుగుల కింద గానీ తగల్లేదు. ఆ ఇంట్లో మూడేళ్లుగా మొక్కలు ఎందుకు చస్తున్నాయో అప్పుడు అర్థమైంది. మీరు ముందు భాగంలో మూడు చోట్ల అడుగున్నర పొడవు, వెడల్పు, లోతున గుంటలు తవ్వించండి. వచ్చిన రాళ్లూ పెళ్లలూ ఏరి పారేయండి. గుంటలో రెండు బకెట్ల నీళ్లు పోసి ఇంకనివ్వండి. మళ్లీ రెండు బకెట్లు పోసి గడియారం చూడండి. నాలుగైదు గంటల్లో ఇంకితే మంచి నేల. మరునాడు పొద్దున కూడా నీళ్లు నిలిచి ఉంటే కింద బంకమట్టి గానీ, గట్టి పొర గానీ ఉందన్నమాట. అలాంటి చోట గుంటలో నాటకుండా నేల మట్టానికి అడుగు ఎత్తున మడి కట్టి నాటాలి. 2020 ఆగస్టు వరదల్లో మన ఊరి పల్లపు కాలనీల్లో తోటలు ఎలా పోయాయో చూసినవాణ్ణి. రెండు మూడు రోజులు నీళ్లు నిలిచిన ఇళ్లలో ఏళ్ల తరబడి పెరిగిన మందారాలు కూడా నిలువునా వాడిపోయాయి. ఎత్తు మడిలో ఉన్నవే మిగిలాయి.

తీసిన మట్టి బాగుంటే దానికే మూడో వంతు బాగా మాగిన పశువుల ఎరువు, గుంటకు రెండు గుప్పిళ్ల వేప పిండి కలిపి నింపండి. మట్టి పనికిరానిదైతే చెరువు మట్టి, చల్క మట్టి సమంగా కలిపి తెప్పించుకోండి. ఉత్త చెరువు మట్టితో నింపితే ఎండకు బీటలు వారి వేళ్లను తెంపేస్తుంది. పచ్చి పేడ మాత్రం వేయకండి. వేడి చేస్తుంది, చెదలను పిలుస్తుంది.

ఇక మీ నూరువరహాల సంగతి. ఒక కొమ్మ చివరి ఆకును తెంపి వెలుతురుకు ఎత్తి చూడండి. ఆకంతా పసుపై, ఈనెలు మాత్రం పచ్చటి గీతల్లా మిగిలి, కింది ముదురు ఆకులు మామూలుగా ఉంటే అది ఇనుము లోపం. నేలలో ఇనుము లేక కాదు. సిమెంటు, సున్నం కలిసిన మట్టిలో, మీ బకెట్లకు తెల్లటి పొర కట్టించే ఆ ఉప్పు నీటిలో ఇనుము మొక్కకు అందకుండా బిగుసుకుపోతుంది. నూరువరహాలు ఈ విషయంలో మహా సున్నితం, పుల్లటి నేలను ఇష్టపడే జాతి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, వారం పది రోజుల ఎడంతో మూడుసార్లు సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయండి. కలిపిన మందు అదే రోజు వాడేయాలి, గోడల మీద, టైల్సు మీద పడితే తుప్పు మరక పోదు. కొత్త ఆకులు పచ్చగా వస్తాయి. అయితే అది తాత్కాలికం. నీరు మారకపోతే ఆరు నెలల్లో మళ్లీ పసుపు తిరుగుతుంది. అందుకే డాబా మీది వాన నీటిని ఒక పైపుతో ఆ మడి వైపు తిప్పండి. 1000 చదరపు అడుగుల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 900 లీటర్లకు పైగా మంచి నీరు దిగుతుంది. ఆ నీరు పేరుకున్న ఉప్పును వేళ్ల కిందికి కడిగేస్తుంది.

మొక్కల ఎంపికకు ముందు ఒక ఆదివారం మూడుసార్లు, పొద్దున 8కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 4కి ఇంటి చుట్టూ తిరిగి ఎండ ఎక్కడ పడుతోందో చూసుకోండి. తూర్పు ముఖం ఇంటికి ముందు భాగంలో పొద్దుటి ఎండ, మధ్యాహ్నం తరువాత ఇంటి నీడ. వరంగల్ ఎండకు ఇంతకంటే మంచి జాగా ఉండదు. మీ పూజ పూలన్నీ ఇక్కడే పెట్టాలి.

ముందు భాగానికి నేను చెప్పేది మందారం, నందివర్ధనం, మల్లె. మందారంలో ఎర్రటి ఒంటిరెక్క నాటు రకమే తీసుకోండి. అరచేయంత పూలు పూసే సంకర రకాలు చూడటానికి బాగుంటాయి గానీ మన ఏప్రిల్, మే నెలల్లో మొగ్గలు రాల్చేసుకుని నీరసిస్తాయి. నాటు మందారం మూడేళ్లలో 6 అడుగుల ఎత్తు, 5 అడుగుల వెడల్పు అవుతుంది కాబట్టి గోడకు కనీసం రెండున్నర అడుగుల దూరంలో, మొక్కకు మొక్కకు 5 అడుగుల ఎడంలో పెట్టాలి. ఇప్పుడు చూస్తే మధ్యలో జాగా బోసిగా అనిపిస్తుంది. ఆ రెండేళ్లూ మధ్యలో కనకాంబరం, బంతి వేసుకోండి. దగ్గర దగ్గరగా నాటి తరువాత నరికేయడం కంటే అది మేలు. నందివర్ధనం కూడా దాదాపు అంతే పెరుగుతుంది. ముద్ద రకానికి రాత్రిపూట మంచి వాసన. ఎండకూ కాస్త నీడకూ తట్టుకుంటుంది, ఏడాదిలో ఎక్కువ రోజులు పూస్తుంది. మల్లెకు మాత్రం ముందు భాగంలో ఎండ ఎక్కువసేపు నిలిచే మూల ఇవ్వండి.

మందారానికి పిండినల్లి పడుతుంది, పడకుండా ఉండదు, కాబట్టి దాన్ని గుర్తుపట్టడం నేర్చుకోండి. మొదట కనిపించేది పురుగు కాదు, చీమల బారు. కొమ్మ వెంట పైకి కిందికి చీమలు తిరుగుతుంటే వాటి వెంటే కళ్లు తీసుకెళ్లండి. చివరి లేత ఆకులు ముడుచుకున్న చోట దూదిపింజలంటుకున్నట్టు తెల్లగా ఉంటుంది. అగ్గిపుల్లతో గీకితే లోపల గులాబీ రంగు చిన్న పురుగులు. అవి వదిలే తీపి జిగురు కోసం చీమలు వాటికి కాపలా కాస్తాయి. ముడుచుకున్న కొమ్మ చివర్లను జానెడు తుంచి సంచిలో మూటగట్టి పారేయండి. మిగతా మొక్కను పైపు నీటితో గట్టిగా కడిగి, సాయంత్రం లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీరు కలిపి ఆకు అడుగు భాగం తడిసేలా కొట్టండి. వారానికోసారి చొప్పున మూడు వారాలు. పూజకు కోసే పూల మొక్క, బాబు ఆడే జాగా, అందుకే ఘాటైన రసాయన మందుల జోలికి వెళ్లవద్దంటున్నాను.

బాబు మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. గన్నేరు మన వాతావరణానికి సరిగ్గా సరిపోయే మొక్క. నీళ్లు లేకపోయినా పూస్తుంది, కాబట్టి ఎవరిని అడిగినా పెట్టమంటారు. మీరు పెట్టవద్దు. దాని ఆకు, పూవు, కొమ్మ, వేరు అన్నీ విషమే. పచ్చ గన్నేరు కాయలోని గింజ మరీ ప్రమాదం, గుండె మీద పనిచేసే విషం. మూడేళ్ల పిల్లవాడికి పచ్చగా నిగనిగలాడే కాయ ఆట వస్తువు. బాబు పెద్దవాడై, చెబితే వినే వయసు వచ్చాక చూసుకోవచ్చు. కంచె కోసం అమ్మే బంగారు రంగు దురంతాకు కూడా కత్తిరించకుండా వదిలితే నారింజ రంగు కాయలు గుత్తులుగా వస్తాయి, అవీ తినకూడనివే. నందివర్ధనం కొమ్మ తుంచితే పాలు కారతాయి, అవి కంట్లోకి, నోట్లోకి పోకుండా చూసుకోండి. పాలు కారే మొక్క ఇంట్లో ఉండవచ్చా అని మీ అత్తగారు అడిగారట. నందివర్ధనం పూలు గుళ్లో దేవుడికి పెడతాం కదమ్మా, నిశ్చింతగా పెంచుకోమనండి.

వెనక పడమటి భాగం పూర్తిగా వేరే లోకం. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి సాయంత్రం దాకా ఎండ, దానికి తోడు గోడ సెగ. ఏప్రిల్‌లో ఆ గోడ మీద చెయ్యి పెడితే తీసేస్తారు. అక్కడ మందారం పెట్టి రోజుకు రెండు పూటలా నీళ్లు పోసి బతికించుకునే కంటే, ఆ ఎండనే కోరుకునే పొదలు పెట్టడం న్యాయం. నా మాట వింటే అక్కడ గోరింట కంచె వేయండి. అడుగుకో మొక్క చొప్పున ఒకే వరస. రెండేళ్లలో నడుము ఎత్తు కంచె అవుతుంది, మూడో ఏటి నుంచి నీళ్ల ఊసే ఎత్తదు. వానలు పడగానే ఎలాగూ ఒకసారి కత్తిరించాలి, అప్పటికి ఆషాఢం వస్తుంది, కత్తిరించిన ఆకు వీధిలో అందరి చేతులూ పండిస్తుంది. ముదిరిన కొమ్మలకు ముళ్లుంటాయి కాబట్టి దారికి రెండడుగులు ఎడంగా పెట్టండి.

కంచెను కత్తిరించేటప్పుడు పైభాగం కంటే కింది భాగం వెడల్పుగా ఉండాలి. చాలామంది పైన గొడుగులా పెంచి కింద సన్నం చేస్తారు. కింది ఆకుకు ఎండ తగలక రాలిపోతుంది, రెండేళ్లకు కాళ్లు బోడిగా కనిపించే కంచె మిగులుతుంది. ఒకసారి అలా బోడి అయ్యాక మళ్లీ కింద చిగురు రప్పించడం కష్టం.

వెనక మూలకు ఒక కాగితం పూల మొక్క సరిపోతుంది. దాని రంగు రేకులు నిజానికి ఆకులు. మూడు రంగు ఆకుల మధ్య సన్నటి గొట్టాల్లా కనిపించే తెల్లటివే అసలు పూలు, బాబుకు చూపించండి. ఆకులు దట్టంగా పెరిగి పూయడం లేదని ఎవరైనా అంటే, నీళ్లు తగ్గించమనడమే నా మొదటి సలహా. యూరియా వేస్తే ఇంకా ఆకే వస్తుంది. మట్టి బాగా ఆరి, ఆకు కాస్త వాలినప్పుడు మాత్రమే నీరివ్వండి.

ఇక నాకు బాగా ఇష్టమైన పొద. తంగేడు. రాష్ట్ర పుష్పం అని పేరుకు చెప్పుకుంటాం, బతుకమ్మ నాడు దాని కోసం ఊరి బయటి బీళ్లన్నీ తిరుగుతాం, ఇంట్లో మాత్రం ఒక్క మొక్క పెట్టుకోం. బీళ్లన్నీ ప్లాట్లయిపోయాయి, ఇప్పుడు హనుమకొండ చుట్టూ తంగేడు దొరకడమే కష్టమైంది. 5, 6 అడుగుల పొద, మన ఎర్ర చల్కలోనే పుట్టిన మొక్క, పడమటి ఎండ దానికి లెక్కలోది కాదు. నర్సరీలో మొక్క వెతక్కండి. దీని తల్లివేరు చిన్నప్పుడే లోతుకు దిగుతుంది, సంచిలో చుట్టుకుపోతే కోలుకోవడం కష్టం. బీళ్లలోని పొదల నుంచి చలికాలంలో ఎండిన కాయలు కోసుకొచ్చి గింజలు దాచండి. గింజ పై తోలు గట్టిది, కాబట్టి వేడి నీళ్లు పోసి ఒక రాత్రి ఉంచి, వానలు పడ్డాక నేరుగా ఉండాల్సిన చోటే మూడేసి గింజలు అంగుళం లోతున వేయండి. బలంగా వచ్చిన ఒక్కదాన్నే ఉంచండి. రెండో ఏడో మూడో ఏడో బతుకమ్మకు మీ ఇంటి పూలే అవుతాయి. ఆకుల మీద సన్నటి పచ్చ గొంగళ్లు కనిపిస్తే మందు కొట్టవద్దు. వాటిలోంచి లేత పసుపు, తెలుపు సీతాకోకచిలుకలు వస్తాయి. తిన్నంత తిననివ్వండి, తంగేడు మళ్లీ చిగురిస్తుంది.

ఉత్తరం సందు గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. చలికాలంలో అక్కడ ఎండే పడదు. అరేలియా, అడ్డసరం లాంటివి నాలుగు కుండీల్లో పెట్టుకుని మిగతాది నడవడానికి వదిలేయండి. క్రోటన్లు అక్కడ పెడితే రంగు పోయి ఉత్త పచ్చగా మిగులుతాయి. వాటి రంగుకు వెలుతురు కావాలి. కొన్నవి ముందు భాగంలో, అది కూడా మూడో నాలుగో చాలు.

కోతుల బెడద మీరు రాయలేదు గానీ మీ వైపు గుట్టలు దగ్గర, తప్పదు. దానిమ్మ, జామ ముందు పెడితే కాయ మీకు దక్కదు, కొమ్మలు కూడా విరుగుతాయి. మందారం మొగ్గలను కూడా తింటాయి. నా అనుభవంలో గోరింట, నందివర్ధనం జోలికి అంతగా రావు. అందుకే పూజ పూలకు మందారం ఒక్కదాని మీదే ఆధారపడకుండా సగం నందివర్ధనం పెట్టమంటున్నాను.

అమరిక విషయంలో ఒక్క మాట. పది రకాలు ఒక్కొక్కటి తేకండి. మూడు మందారాలు ఒక గుంపు, రెండు నందివర్ధనాలు ఒక గుంపు, వాటి ముందు పొట్టి రకం నూరువరహాలు అడుగున్నర ఎడంలో ఒక వరస. ఎత్తువి గోడ వైపు, పొట్టివి నడిచే దారి వైపు. కిటికీ కింద నడుము దాటి పెరిగేది ఏదీ వద్దు. ప్రహరీకీ పొదల ఆకులకూ మధ్య మనిషి దూరి వెళ్లేంత సందు ఉండేలా గోడ వైపు కొమ్మలను కత్తిరిస్తూ ఉండాలి. సున్నం వేయాలన్నా, చెదలు పట్టిందేమో చూడాలన్నా అదే దారి.

కడియం నర్సరీల నుంచి వచ్చిన మొక్కలైతే తెచ్చిన రోజే నాటకండి. గోదావరి గాలికి అలవాటుపడి, లారీలో వాడిపోయి వచ్చినవి. పది రోజులు చెట్టు నీడలో ఉంచి నీళ్లివ్వండి. సంచి చింపాక వేళ్లు గుండ్రంగా చుట్టుకుని ఉంటే చేత్తో మెల్లగా విడదీయండి. వేరు గడ్డ జిగట బంకమట్టిది అయితే అంచులు కాస్త చిదిపి నాటాలి. లేదంటే ఆ ముద్ద చుట్టూ మన మట్టి తడుస్తుంది, ముద్ద లోపల పొడిగానే ఉంటుంది. సంచిలో ఎంత లోతున ఉందో అంతే లోతున నాటండి, కాండం మట్టిలో కూరుకుపోకూడదు.

నీళ్లు మొదటి నెల రెండు రోజులకోసారి, వాన లేకపోతేనే. తరువాత వారానికి రెండుసార్లు, కానీ పాదు నిండా. రోజూ చెంబెడు పోస్తే వేరు పైపైనే ఉండిపోయి మొదటి ఎండాకాలానికే మొక్క పోతుంది. పొద విస్తరించే కొద్దీ పాదును ఆకుల అంచు దాకా వెడల్పు చేయండి, వేరు నీళ్లు తాగేది ఎక్కువగా అక్కడే. పాదులో ఎండుటాకులు గానీ వరి ఊక గానీ మూడు అంగుళాల మందాన పరవండి, కాండానికి బెత్తెడు దూరం వదలండి. మన జిల్లాలో ఊకకు కొరత లేదు, దగ్గర్లోని రైసు మిల్లులో అడగండి.

కత్తిరింపు మొదటి ఏడాది వద్దు. రెండో ఏటి నుంచి మందారాన్ని ఫిబ్రవరి చివర్లో మూడో వంతు, మల్లెను డిసెంబరు, జనవరి మధ్య మోకాలి ఎత్తుకు, కాగితం పూల మొక్కను ఎండాకాలపు పూత అయ్యాక వానల మొదట్లో కత్తిరించండి. మేలో కత్తెర ముట్టవద్దు. నీడన పెరిగిన లోపలి కొమ్మకు ఒక్కసారిగా ఎండ తగిలితే బెరడు కాలిపోతుంది. మూడు నాలుగేళ్ల మందారంలో బాగా ముదిరిన కొమ్మల్లో మూడో వంతు ఏటా నేల దగ్గరికి తీసేస్తే కింద నుంచి కొత్తవి వస్తాయి, పూత ఎక్కువగా వచ్చేది ఆ కొత్త కొమ్మలకే.

ముందు ఆ మూడు గుంటలు తవ్వించి, రెండోసారి పోసిన నీరు ఎంతసేపటికి ఇంకిందో నాకు రాయండి. గుంటలో ఏ రంగు మట్టి ఎంత లోతున తగిలిందో కూడా చెప్పండి, వీలైతే ఫోటో పెట్టండి. మడి ఎత్తు చేయాలా వద్దా అన్నది దాన్ని బట్టే చెప్పగలను.